డార్క్ చాక్లెట్‌లో ఫ్లావనాల్స్ ఎంతున్నాయో తెలిసేదెలా?

రోజూ రాత్రి భోజనం తర్వాత 20 గ్రాముల డార్క్ చాక్లెట్ తింటున్నాను. రేపర్ మీద 85 శాతం కోకో అని ఉంది, ఫ్లావనాల్స్ (కోకో గింజల్లో సహజంగా ఉండే ఒక రకం పదార్థాలు) ఊసే లేదు. రక్తనాళాలు సాగే గుణం నిలవడానికి రోజుకు 200 మిల్లీగ్రాముల కోకో ఫ్లావనాల్స్ తోడ్పడతాయని యూరప్ ఆహార భద్రతా సంస్థ 2012లో ఒప్పుకుంది. అయితే కోకోను క్షారంతో శుద్ధి చేస్తే అవి బాగా తగ్గిపోతాయి. ఆ సంగతి కోసం పదార్థాల జాబితా అంతా వెతికాను, లేదు. కంపెనీకి మెయిల్ పెడితే ‘యాంటీఆక్సిడెంట్లు పుష్కలం’ అంటూ ప్రకటనలోని ముక్కే తిరిగొచ్చింది. కోకో ఫ్లావనాల్స్ గుండెకు మేలు చేస్తాయా అని పరీక్షించిన, 2022లో వచ్చిన కాస్మోస్ అధ్యయనమూ అక్కరకు రాలేదు. అందులో ఇచ్చింది చాక్లెట్ కాదు, గుళికలు (పైగా ఖర్చులో కొంత చాక్లెట్ కంపెనీదే).

ఇంట్లోవాళ్లు దీన్ని ‘మందు పేరు చెప్పి జిహ్వచాపల్యం’ అంటున్నారు. తినడం తప్పా ఒప్పా అన్న ఉపదేశాలు దయచేసి వద్దు. మామూలు కొనుగోలుదారుడు ఒక బార్‌లో ఫ్లావనాల్స్ ఎన్ని మిల్లీగ్రాములున్నాయో తెలుసుకునే నమ్మకమైన మార్గం ఏదైనా ఉందా?