టెస్లా ఎవరి మనిషి? మా వాడికి పోయిన ఒక్క మార్కు

పటమట నాన్న:
మా అపార్ట్‌మెంట్‌లో పిల్లలకి క్విజ్ పెట్టారు. అందులో ఏసీ కరెంటు మోటారు శాస్త్రవేత్త టెస్లా మీద ఒక ప్రశ్న. ‘నికోలా టెస్లా ఏ దేశస్థుడు?’ అన్న ప్రశ్నకి మా వాడు క్రొయేషియాకి టిక్ పెట్టాడు. ఎర్ర పెన్నుతో ఇంటూ కొట్టి, పక్కన ‘సెర్బియా’ అని రాసిచ్చారు. ఆయన పుట్టిన స్మిల్యాన్ ఊరు ఇప్పుడు క్రొయేషియాలోనే ఉంది కదండీ. వెళ్లి మార్కు అడగొచ్చా?

అరండల్‌పేట:
ఊరు చూసి మనిషిని తేల్చేస్తారా? తండ్రి మిలూటిన్ సెర్బియన్ ఆర్థడాక్స్ చర్చిలో పూజారి. తల్లి పుట్టింటివాళ్లదీ అదే చర్చి. టెస్లా చితాభస్మం సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ మ్యూజియంలో బంగారు రంగు గోళంలో ఉంది. సెర్బియా 100 దినార్ల నోటు మీద ఆయన బొమ్మే. ఇంకేం కావాలి?

సత్యనారాయణపురం:
డబ్బుల మీద బొమ్మే లెక్కయితే క్రొయేషియా ఏం తక్కువ తినలేదు. 2023లో యూరోకి మారినప్పుడు 10, 20, 50 సెంట్ల నాణేల మీద టెస్లానే వేసింది. వేస్తామన్నప్పుడే సెర్బియా కేంద్ర బ్యాంకు అభ్యంతరం పెట్టింది.

అరండల్‌పేట:
పెట్టదా మరి! ఆయన పుట్టిన 1856లో క్రొయేషియా అనే దేశమే లేదు, ఉన్నది ఆస్ట్రియా సామ్రాజ్యం. అందులోనూ ఆ ఊరున్న లికా ప్రాంతం క్రొయేషియా రాజధాని జాగ్రెబ్ మాట వినేది కాదు. టర్కీ సరిహద్దు కాపలాకి ఆస్ట్రియా రాజధాని వియన్నా నేరుగా నడిపిన సైనిక మండలం అది. సెర్బు కుటుంబాలు అక్కడ సిపాయి పనిమీద తరతరాలుగా పాతుకుపోయాయి.

సత్యనారాయణపురం:
ఆ లెక్కన అది సెర్బియా కూడా కాదుగా మాస్టారూ! 1892లో బెల్‌గ్రేడ్‌కి చుట్టపుచూపుగా వెళ్లొచ్చాడు, అంతే. 1936లో మాచెక్ అనే క్రొయేషియా నాయకుడికి టెలిగ్రాం ఇస్తూ, తన సెర్బు పుట్టుకకీ, క్రొయేషియా జన్మభూమికీ సమానంగా గర్విస్తున్నానన్నాడు. ఆయనకి లేని గొడవ మనకెందుకు?

అరండల్‌పేట:
80వ పుట్టినరోజు శుభాకాంక్షలకి ఇచ్చిన జవాబు అది. మర్యాద మాటని పట్టుకొచ్చి ఆధార్ కార్డులా చూపిస్తే ఎలా?

నందిగామ బస్సు:
మధ్యలో దూరుతున్నా, ఏమీ అనుకోకండి. మా తాత పుట్టింది మునగాలలో. అప్పుడది కృష్ణా జిల్లా, మద్రాసు ప్రెసిడెన్సీ. చుట్టూ నిజాం రాజ్యం. 1959లో తీసుకెళ్లి నల్గొండలో కలిపారు. ఇప్పుడు సూర్యాపేట జిల్లా. తాత మాత్రం నులక మంచం ఇంకో అరుగు మీదకి కూడా మార్చలేదు. పెళ్లిళ్లలో ఎవరైనా ‘నల్గొండ వాళ్లా?’ అంటే భోజనం ఆపి మరీ ‘మాది కృష్ణా జిల్లా’ అనేవాడు. టెస్లా కథ వింటుంటే ఆయనే గుర్తొచ్చాడు.

లక్ష్మీపురం:
మీరంతా పుట్టుక దగ్గరే ఆగిపోయారు. 1884లో న్యూయార్క్‌లో దిగాడు, 1891 జులైలో అమెరికా పౌరుడయ్యాడు, 1943లో పోయిందీ అక్కడే. ‘దేశస్థుడు’ అంటే పౌరసత్వమేగా! మన భీమవరంలో పుట్టిన మందుల శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారు 1948లో చనిపోయేదాకా అమెరికాలోనే పనిచేసినా ఆ కాగితం తీసుకోలేదు. టెస్లా కావాలని తీసుకున్నాడు. దానికి విలువ లేదా?

అరండల్‌పేట:
మోటారు పేటెంట్లు వచ్చింది 1888లో. అప్పటికింకా అమెరికా పౌరుడు కాదు. పైగా ఆ ఆలోచన తట్టింది 1882లో, హంగరీలోని బుడాపెస్ట్ పార్కులో. ఇక హంగరీని కూడా పిలవండి, పంక్తి నిండుతుంది.

లక్ష్మీపురం:
మోటారుకి కాదు సార్, మనిషికి దేశం అడిగారు. పటమట గారూ, అసలు ఆప్షన్లేంటి?

పటమట నాన్న:
ఇప్పుడే పేపరు తీసి చూశా. జర్మనీ, క్రొయేషియా, సెర్బియా, రష్యా. అమెరికా లేనే లేదు. ప్రశ్న రాసినాయన మా పై ఫ్లోరే. సాయంత్రం లిఫ్ట్ దగ్గర పట్టుకుంటా.