పటిక వేసినా బోరు నీళ్లలో ఫ్లోరైడ్ సరిగా తగ్గడం లేదు, మోతాదు ఎంత ఉండాలి?

మాది పాత ప్రకాశం జిల్లా కనిగిరి వైపు పల్లె. తాగడానికీ వంటకీ బోరు నీళ్లే. టెస్ట్ చేయిస్తే లీటరుకు ఫ్లోరైడ్ 4.1 మిల్లీగ్రాములు, ఆల్కలినిటీ (నీళ్ల క్షార గుణం) 400 మిల్లీగ్రాములు వచ్చింది. ఫ్లోరైడ్ 1.5 దాటకూడదు. ఎనిమిదేళ్ల మా పాప ముందు పళ్ల మీద అడ్డంగా గోధుమరంగు చారలు పడ్డాయి, ఎంత తోమినా పోవు. చూస్తుంటే మనసు ఆగడం లేదు.

మొదట కాచి తాగాం. కాచితే ఫ్లోరైడ్ పోదని, నీళ్లు ఇగిరేకొద్దీ ఇంకా చిక్కబడుతుందని తర్వాత తెలిసింది. నెల నుంచి నల్గొండ పద్ధతి, అంటే పటిక, సున్నం వేసి ఫ్లోరైడ్‌ను మడ్డితో పాటు అడుక్కి దింపే పద్ధతి చేస్తున్నాం. కుళాయి ఉన్న 40 లీటర్ల డ్రమ్ములో 12 గ్రాముల పటిక, అర గ్రాము సున్నం, చిటికెడు బ్లీచింగ్ పౌడర్ వేసి, పది నిమిషాలు నెమ్మదిగా తిప్పి, గంటసేపు కదపకుండా ఉంచుతాం. అడుగున తెల్లటి మడ్డి దూదిలా పేరుకుంటుంది, పైనీళ్లు తేటగానే ఉంటాయి. అయినా మళ్లీ టెస్ట్‌లో 2.4 వచ్చింది. సున్నం పెంచకుండా పటిక మాత్రం 20 గ్రాములు చేస్తే నీళ్లు వగరెక్కాయి, పాప నోట పెట్టడం లేదు. అన్నానికీ పప్పుకీ కూడా రోజూ క్యాన్ నీళ్లు కొనలేం.

ఇంట్లో ఈ పద్ధతి చేసినవాళ్లు దయచేసి చెప్పండి: ఇలాంటి నీళ్లు 40 లీటర్లకు పటిక, సున్నం ఎన్నెన్ని గ్రాములు వేయాలి?