సైట్‌మ్యాప్‌కి కాష్ ఉంచాలా, పీకేయాలా? (మార్కెట్ ధరల సైట్)

ఏనుమాముల పిల్లోడు:
వరంగల్‌లో మార్కెట్ ధరల సైట్ ఒకటి నడుపుతున్నాను. ఏనుమాముల యార్డుకు వచ్చే మిర్చి, పత్తి, పసుపు, మక్కల ధరలు రోజూ ఎక్కిస్తాం. రోజుకు, రకానికి ఒక పేజీ. వాటితో పాటు మేడారం దారులు, రామప్ప గురించి కొన్ని పేజీలు. అన్నీ కలిపి 62 వేలు దాటాయి. సర్వర్ మాత్రం చిన్నది, 1 జీబీ ర్యామ్.

మొదట్లో సైట్‌మ్యాప్ (సైట్‌లోని పేజీల అడ్రసులన్నీ సెర్చ్ ఇంజన్లకు చెప్పే ఫైల్) ఎవరు అడిగినా డేటాబేస్ నుంచి అప్పటికప్పుడు తయారయ్యేది. ఒక్కోసారి 9 సెకన్లు పట్టేది. మిర్చి సీజన్‌లో రైతులు పొద్దున్నే ఫోన్లో ధర చూసే టైంకే బాట్లు (సెర్చ్ ఇంజన్లు పేజీలు చదవడానికి పంపే ప్రోగ్రాములు) కూడా దిగేవి, సైట్ కూలబడేది. తట్టుకోలేక 24 గంటల కాష్ పెట్టాను, అంటే ఒకసారి తయారైన ఫైల్‌నే దాచి 24 గంటలూ అదే ఇవ్వడం. ఇప్పుడు పొద్దున 10 గంటలకు ఎక్కించిన చపాట మిర్చి పేజీ మర్నాటి దాకా సైట్‌మ్యాప్‌లోకి రావట్లేదు. మర్నాడు ఆ ధర ఎవడిక్కావాలి? కాష్ తీసేద్దామని మా పార్ట్‌నర్ గొడవ. తీసేస్తే మళ్లీ పాత కథే అని నేను. మీరేమంటారు?

కాజీపేట జంక్షన్:
మీ పార్ట్‌నర్ వైపే నేను. 9 సెకన్లు పడుతోందంటే జబ్బు క్వెరీలో (డేటాబేస్‌ని అడిగే ప్రశ్నలో) ఉంది తమ్మీ, కాష్ దాన్ని కప్పిపెడుతోంది అంతే. సైట్‌మ్యాప్‌కి కావాల్సింది పేజీ అడ్రసు, మారిన తేదీ. నీ కోడ్ పేజీలోని మేటరంతా లాక్కొస్తోందేమో చూడు. డేటాబేస్‌లో తేదీ కాలమ్‌కి ఇండెక్స్ (త్వరగా వెతికే సూచిక) ఉందా? అది సరిచేస్తే సెకను కూడా పట్టదు, కాష్ గొడవే ఉండదు.

ఇంకోటి, 62 వేలూ ఒకే ఫైల్లో ఉన్నాయా? ఒక ఫైల్‌కి 50,000 అడ్రసులు, విప్పాక 50 ఎంబీ, అదీ హద్దు. దాటితే ముక్కలు చేసి, ఆ ముక్కల జాబితాతో పైన ఇండెక్స్ ఫైల్ పెట్టాలి.

ఏనుమాముల పిల్లోడు:
ఒకటే ఫైల్ అన్నా... ఇప్పుడే చూశాను. పరువు పోయింది.

హనుమకొండ అక్క:
ఎలుకలున్నాయని ఇంటికి నిప్పు పెట్టుకుంటామా? కాష్ తప్పు కాదు, దాన్ని గడియారానికి కట్టడం తప్పు. 24 గంటలు పెడితే ఆలస్యం, 10 నిమిషాలు పెడితే ఏమీ మారకపోయినా రాత్రంతా ఊరికే తయారవుతూ ఉంటుంది. కొత్త పేజీ పడినప్పుడు, పాతది దిద్దినప్పుడు, తీసేసినప్పుడు కాష్ పోవాలి. మిగతా టైంలో దాన్ని ముట్టుకోవద్దు.

ఎలాగూ ముక్కలు చేస్తావు కదా, నెలకో ఫైల్ చెయ్యి తమ్ముడూ. పోయిన ఏడాది మార్చి ధరలు ఇప్పుడేం మారతాయి? ఆ ఫైల్ ఒకసారి తయారైతే అలా పడి ఉంటుంది. రోజూ మారేది ఈ నెల ఫైలు, ఇండెక్సు. అప్పుడు 62 వేల లెక్క కాస్తా రెండు మూడు వేలకు దిగుతుంది.

నర్సంపేట డెవ్:
అక్క మాట బాగుంది కానీ నేను దాంతోనే దెబ్బ తిన్నాను. ఒక విత్తనాల షాపు సైట్‌లో సరుకు సేవ్ అయిన ప్రతిసారీ సైట్‌మ్యాప్ మళ్లీ తయారయ్యేలా రాశాను. వాళ్లు ఒక రోజు ఎక్సెల్ షీట్ నుంచి 400 సరుకులు ఒకేసారి ఎక్కించారు. 400 సార్లు తయారైంది. సర్వర్ ఫ్యాన్ చప్పుడు పక్క దుకాణానికి వినపడిందని ఇప్పటికీ ఎగతాళి చేస్తారు.

ఇప్పుడు ఏం చేస్తానంటే, సేవ్ అయినప్పుడు 'ఈ నెల ఫైల్ పాతబడింది' అని ఒక గుర్తు మాత్రం పెడతాను. 5 నిమిషాలకోసారి క్రాన్ (చెప్పిన టైంకి పని నడిపే ప్రోగ్రాం) వచ్చి గుర్తుంటేనే తయారు చేస్తుంది. 400 పడినా ఒకటే పని. తయారు చేసేటప్పుడు అసలు ఫైల్ మీదే రాయొద్దు. ఒకసారి బాట్ మధ్యలో వచ్చి సగం రాసిన ఎక్స్ఎంఎల్ (సైట్‌మ్యాప్ రాసే ఫార్మాట్) ఫైల్ పట్టుకుపోయింది, చివర మూసే ట్యాగ్ లేదు, గూగుల్ సెర్చ్ కన్సోల్‌లో ఎర్రగా ఎర్రర్. వేరే పేరుతో రాసి, పూర్తయ్యాక పేరు మార్చితే ఆ బాధ లేదు.

జనగామ సిస్టమ్స్:
కాష్ ఒకటే ఉందని అందరూ ఎట్లా అనుకుంటున్నారు? సైట్ సాఫ్ట్‌వేర్‌లో ఒకటి, వెబ్ సర్వర్ దగ్గర ఒకటి, సీడీఎన్ (ఫైళ్ల కాపీలు దాచి పంచే మధ్య సర్వర్లు) ఉంటే అక్కడొకటి, ఆఖరికి నీ బ్రౌజర్లో ఒకటి. నేను ఒక రాత్రంతా ప్లగిన్ కాష్ క్లియర్ చేస్తూ కూర్చున్నాను, పాత ఫైలే వస్తోంది. తీరా హెడర్లు (ఫైల్‌తో పాటు సర్వర్ పంపే వివరాలు) చూస్తే 'ఏజ్' దగ్గర 14 వేల చిల్లర సెకన్లు. అంటే దాదాపు నాలుగు గంటల కింద సీడీఎన్ దాచుకున్న కాపీ. బ్రౌజర్లో చూసి నమ్మొద్దు, కర్ల్ అనే కమాండ్‌తో హెడర్లు తెప్పించి చూడు. ఫైల్ మారినప్పుడు సీడీఎన్‌లో ఆ ఒక్క అడ్రసు కాపీనే తుడిచేసే (పర్జ్) లైన్ కూడా క్రాన్‌లో పెట్టు.

కరీంనగర్ పాతకాపు:
ఇంతమంది మాట్లాడారు, అసలు లాస్ట్‌మాడ్ (పేజీ చివరిసారి మారిన తేదీ) సంగతి ఒక్కరూ ఎత్తలేదు. ఏనుమాముల తమ్మీ, నీ సైట్‌మ్యాప్ తెరిచి రెండేళ్ల కిందటి పేజీ తేదీ ఏముందో చెప్పు.

ఏనుమాముల పిల్లోడు:
ఈ రోజు తేదీ ఉందన్నా. అన్నింటికీ ఈ రోజే.

కరీంనగర్ పాతకాపు:
అనుకున్నా. కాష్ తయారైన టైమునే అన్ని పేజీలకూ గుద్దేస్తోంది నీ కోడ్. రోజూ 62 వేల పేజీలు మారాయని చెప్తే ఎవడు నమ్ముతాడు? లాస్ట్‌మాడ్ నిజమని పదేపదే తేలితేనే వాడుకుంటామని గూగుల్ తన డాక్యుమెంట్లలోనే రాసుకుంది. ప్రయారిటీ (పేజీ ఎంత ముఖ్యమో), చేంజ్‌ఫ్రీక్ (ఎంత తరచుగా మారుతుందో) రెండూ అసలు పట్టించుకోమనీ రాసింది. నీ చపాట పేజీ ఆలస్యంగా ఎక్కడం కన్నా ఇదే పెద్ద తప్పు. కొత్తది ఏదో, పాతది ఏదో బాట్‌కి తెలిసే దారే లేదు.

టైమ్‌జోన్ కూడా చూసుకో. సర్వర్‌లో మన టైమ్ తీసుకుని చివర యూటీసీ (ప్రపంచ ప్రామాణిక సమయం) గుర్తు పెడితే ప్రతి పేజీ ఐదున్నర గంటలు భవిష్యత్తులో మారినట్టు ఉంటుంది. +05:30 అని రాయి, లేదా తేదీ ఒక్కటే రాయి, అదీ చెల్లుతుంది.

కాజీపేట జంక్షన్:
అక్క పద్ధతికి నేను ఒప్పుకోకపోయినా ఈ లాస్ట్‌మాడ్ మాట మాత్రం ఒప్పుకుంటా. తయారవగానే గూగుల్‌కి పింగ్ కొడితే (సైట్‌మ్యాప్ మారిందని కబురు పంపితే) పోలే అని ఎవరైనా అంటారేమో, ఆ పింగ్ అడ్రసును వాళ్లు 2023లోనే ఎత్తేస్తున్నామన్నారు. బింగ్ కోసమైతే ఇండెక్స్‌నౌ (మారిన పేజీల కబురు పంపే పద్ధతి) ఉంది.

హనుమకొండ అక్క:
తమ్ముడూ, ధరల పేజీ గంటలో కనపడాలంటే సైట్‌మ్యాప్ ఒక్కదాని మీద ఆధారపడకు. హోమ్ పేజీలో 'ఈ రోజు ధరలు' అని పైనే లింకులు పెట్టు. బాట్లు హోమ్ పేజీకే ఎక్కువసార్లు వస్తాయి. తీసేసిన పేజీలు సైట్‌మ్యాప్‌లో మిగిలిపోయాయేమో కూడా చూడు, మేడారం పేజీలు ముఖ్యంగా.

ఏనుమాముల పిల్లోడు:
మూడు రోజుల తర్వాత వచ్చాను. నెలకో ఫైల్ చేశాం. గుర్తు పెట్టి క్రాన్ తిప్పే పద్ధతి నర్సంపేట అన్నది, తేదీ ధర మారిన రోజుది. క్వెరీ కూడా దిద్దాం, కాజీపేట అన్న చెప్పినట్టే పేజీ మేటరంతా లాక్కొచ్చేది. ఈ నెల ఫైల్ ఇప్పుడు సెకనులోపే. ఈ రోజు పొద్దున 10:05కి తేజ రకం పేజీ ఎక్కించాం, 10:10కి ఫైల్లో ఉంది.

అక్కా, మేడారం పేజీలు చూశాను. 2022 జాతర స్పెషల్ బస్సుల పేజీలు 31, అన్నీ డిలీట్ చేసినవే, సైట్‌మ్యాప్‌లో ఇంకా భద్రంగా ఉన్నాయి.

కాజీపేట జంక్షన్:
క్వెరీ సెకనులోపే వస్తోందా? మరి కాష్ ఎందుకు తమ్మీ ఇంకా?

ఏనుమాముల పిల్లోడు:
మా పార్ట్‌నర్ కూడా అదే అడుగుతున్నాడన్నా. మిర్చి సీజన్ పోనీ, అప్పుడు తీసి చూస్తా.