మొదటి డిస్క్ గోల్ఫ్ టోర్నమెంట్: ఉన్న మూడు వారాల్లో దూరం పెంచుకోవాలా, పటింగ్ సరిచేసుకోవాలా?

షార్లెట్ కొత్తబ్బాయి:
అందరికీ నమస్కారం. నార్త్ కరోలినాలో, షార్లెట్‌లో ఉంటాను. ఎనిమిది నెలలుగా డిస్క్ గోల్ఫ్ (ప్లేటు లాంటి డిస్క్‌ని విసురుతూ వెళ్లి, వీలైనంత తక్కువ త్రోల్లో గొలుసుల బుట్టలో వేసే ఆట) ఆడుతున్నాను, ఎక్కువగా హార్నెట్స్ నెస్ట్ పార్కులో. ఇంకో మూడు వారాల్లో ఒక చిన్న పీడీజీఏ (డిస్క్ గోల్ఫ్ సంఘం) టోర్నమెంట్ ఉంది. ఎంఏ4లో, అంటే కొత్తవాళ్ల విభాగంలో పేరిచ్చేశాను. ఒకే రోజు రెండు రౌండ్లు, మొత్తం 36 హోల్స్.

నాకు సాధనకి దొరికేది పిల్లలు పడుకున్నాక ఒక గంట, శనివారం పొద్దున ఒక పూట. నా త్రో 220 అడుగులు దాటదు. నాతో ఆడేవాళ్లు 300 అవలీలగా విసురుతారు. "ముందు దూరం పెంచుకో, లేకపోతే చివర్న ఉంటావు" అంటున్నారు. ఇంకో ఫ్రెండేమో డ్రైవర్లన్నీ, అంటే దూరం విసిరే డిస్క్‌లన్నీ ఇంట్లో పెట్టేసి పటింగ్ మీద, అంటే దగ్గర్నుంచి బుట్టలో వేయడం మీద కూర్చోమంటున్నాడు. ఎవరి మాట వినాలి? రాత్రి పడుకున్నా ఇదే టెన్షన్.

గొలుసుల చప్పుడు:
తమ్ముడూ, ఆ రెండో ఫ్రెండ్ మాట విను. లెక్క చూడు. 18 హోల్స్‌లో టీ మీద నుంచి, అంటే హోల్ మొదలుపెట్టే చోటు నుంచి విసిరేది 18 సార్లు. బుట్టలో వేయడం కూడా దాదాపు అన్నిసార్లూ ఉంటుంది, మిస్సయిన ప్రతిసారీ ఇంకొకటి కలుస్తుంది. 20 అడుగుల నుంచి మిస్సయిన పట్, 300 అడుగుల త్రో, స్కోరు కార్డు మీద రెండూ ఒక్కో అంకే.

మూడు వారాల్లో నీ చేతికి 80 అడుగులు కలవవు. దూరం భుజబలంతో రాదు. నడుము తిరగాలి, డిస్క్ ముక్కు పైకి లేవకూడదు, చెయ్యి సరైన క్షణంలో విప్పుకోవాలి. ఇవన్నీ కుదరడానికి నెలలు పడుతుంది. ఈలోపు ఉన్న త్రో కూడా పాడవుతుంది. నాకు జరిగింది అదే. మొదటి టోర్నమెంట్‌కి రెండు వారాల ముందు వీడియోలు చూసి రన్ అప్ మార్చుకున్నాను. ఆ రోజు టీ ప్యాడ్ ఎక్కాక ఏ కాలు ముందు వేయాలో గుర్తు రాలేదు. వెనక ముగ్గురు కొత్తవాళ్లు నిశ్శబ్దంగా చూస్తున్నారు. విసిరిన డిస్క్ 30 అడుగుల అవతల ఉన్న పైన్ చెట్టుకి టప్‌మని తగిలి, నిలువుగా దొర్లుకుంటూ మళ్లీ నా దగ్గరికే వచ్చింది. ఆ చప్పుడు ఇప్పటికీ చెవిలో ఉంది.

డ్రైవర్ల సంగతి. డెస్ట్రాయర్ లాంటి 12 స్పీడ్ డిస్క్‌ని దానికి తగ్గ వేగంతో విసిరితేనే సాగుతుంది. 220 అడుగుల చేతికి అది ముందుకు పోదు. కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేస్తే ఎడమకి తిరిగి చెట్లలో పడుతుంది. నెమ్మది డ్రైవర్ లెపర్డ్ ఒకటి, మధ్య దూరానికి మిడ్‌రేంజ్ డిస్క్ బజ్ ఒకటి, పట్‌లకి ఏవియార్ ఒకటి చాలు. మీ ఊళ్లో చాలా కోర్సులు అడవిలోనే ఉంటాయి కదా. అక్కడ తిన్నగా పోయే 200 అడుగులు, వంకరగా పోయే 280 కన్నా మేలు.

మీకు దగ్గర్లోనే రాక్ హిల్ ఉంది. అక్కడి విన్‌త్రాప్ యూనివర్సిటీ కోర్సులో 1999 నుంచి యూఎస్ ఛాంపియన్‌షిప్ జరుగుతోంది. అందులో అందరూ భయపడేది 17వ హోల్‌కి. గట్టిగా కొలిస్తే అది 250 అడుగులే. చుట్టూ గడ్డిమోపులు పేర్చిన ద్వీపంలాంటి చోట డిస్క్ ఆగాలి. 500 అడుగులు విసరగల చేతులు కూడా అక్కడ తడబడతాయి. కుదిరితే అక్టోబరులో వెళ్లి ఒక పూట ఆ హోల్ దగ్గర నిలబడి చూడు.

డల్లాస్ గాలి:
అన్నా, మీ మాట షార్లెట్ అడవికి సరిపోతుంది, అందరికీ కాదు. మా వైపు చాలా కోర్సుల్లో మైదానం ఎక్కువ, చెట్లు తక్కువ, గాలి విపరీతం. 400 అడుగుల హోల్‌లో 200 విసిరేవాడు రెండు మంచి త్రోలు వేస్తేనే బుట్ట దగ్గరికి చేరతాడు. ఒకటి తప్పిందా, ఎంత బాగా పట్ వేసినా నాలుగే. అదే ఆరేడు హోల్స్‌లో జరిగితే పటింగ్ సాధన ఏం కాపాడుతుంది? పైగా ఎదురుగాలిలో మిడ్‌రేంజ్ తిరగబడి కుడికి కొట్టుకుపోతుంది. గాలికి నిలబడే ఓవర్‌స్టేబుల్ డిస్క్ ఒకటైనా ఉండాలి.

ఇంకో మాట. ఈ ఆట మీద మనకి ఇష్టం పుట్టింది దేనివల్ల? డిస్క్ గాల్లో అలా సాగిపోతుంటే చూసే కదా! ఎనిమిది నెలలుగా ఆడుతున్న కుర్రాడికి ఆ సంతోషం తీసేసి, రోజూ గంటసేపు పెరట్లో 15 అడుగుల పట్‌లు వేయమంటే మూడో రోజుకే విసుగొస్తుంది. వారంలో రెండు రోజులైనా మైదానంలో విసరనివ్వండి.

గొలుసుల చప్పుడు:
గాలి మాట ఒప్పుకుంటున్నాను. ఓవర్‌స్టేబుల్ ఒకటి బ్యాగులో పెట్టుకోమనండి. మైదానంలో విసరడం కూడా మంచిదే, ఉన్న త్రోనే తిన్నగా వేయడానికైతే. 300 కోసం చెయ్యి విరుచుకోవడమే వద్దంటున్నాను.

విసుగు రాకుండా పట్ సాధన చేసే పద్ధతి ఉంది. ఒకేచోట నిలబడి పది డిస్క్‌లు వరసగా వేయొద్దు. మూడోదానికల్లా చేతికి లెక్క తెలిసిపోతుంది, అది నిజమైన ఆట కాదు. ఒకే డిస్క్ తీసుకో. 15 అడుగుల నుంచి వేయి, వెళ్లి తెచ్చుకో, చోటు మార్చు, 25 నుంచి వేయి. క్యారమ్స్‌లో చివరి కాయిన్ లాంటిది, ఒకటే అవకాశం. టోర్నమెంట్‌లో ఉండేదీ అదే.

నెల్లూరు అమ్మాయి:
ఇద్దరూ చెయ్యి గురించే రాస్తున్నారు. నా మొదటి టోర్నమెంట్‌లో నన్ను ముంచింది చెయ్యి కాదు.

అందరూ ఒకేసారి తలో హోల్ నుంచి మొదలుపెడతారని నాకు తెలియదు. నా కార్డు, అంటే నేను ఆడాల్సిన గ్రూపు, 14వ హోల్ దగ్గర. పార్కింగ్ నుంచి అక్కడికి పది నిమిషాల నడక. చేరేసరికి నా గ్రూపు ఆ హోల్ ముగించేసింది. ఆడని హోల్‌కి పార్ (ఆ హోల్‌కి పెట్టిన త్రోల లెక్క) మీద నాలుగు కలుపుతారు. పార్ 3 కాబట్టి ఒక్క డిస్క్ విసరకుండానే 7. నడుస్తున్నంతసేపూ కన్నీళ్లు ఆపుకున్నాను.

అదే రౌండ్‌లో, బుట్టకి 10 మీటర్ల లోపల పట్ వేసి అలవాటుగా ముందుకి అడుగేశాను. ఆ వలయంలో విసిరాక నిలదొక్కుకుని, ఆ తర్వాతే మార్కర్ (డిస్క్ పడ్డ చోట గుర్తుగా పెట్టే చిన్న బిళ్ల) దాటాలి. మా పార్కులో ఎప్పుడూ ఎవరూ చెప్పలేదు. కాబట్టి తమ్ముడూ, పెరట్లో పట్ వేసేటప్పుడే మినీ మార్కర్ పెట్టుకుని, విసిరాక మనసులో రెండు అంకెలు లెక్కపెట్టి అప్పుడు కదులు. నీ వంతు వచ్చాక 30 సెకన్లలో విసరాలి, అదీ అలవాటు చేసుకో. స్కోరు ఇచ్చే ముందు మొత్తం ఇంకోసారి కూడు. తప్పు స్కోరు ఇస్తే రెండు త్రోల పెనాల్టీ.

తిండి మర్చిపోవద్దు. రెండు రౌండ్ల మధ్య బర్గర్ తిని రెండోది నిద్రమత్తులో ఆడాను. ఇప్పుడు నా బ్యాగులో చిన్న డబ్బాలో పెరుగన్నం, రెండు అరటిపళ్లు ఉంటాయి. మన ఒంటికి ఏది పడుతుందో అదే తినాలి.

డల్లాస్ గాలి:
అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఆడబోయే కోర్సులోనే ముందు రెండు రౌండ్లు ఆడి చూడమని నేనూ చెప్తాను. దూరం విషయంలో మాత్రం నా మాట మారదు. మూడు వారాలకి పటింగ్ సరే, మూడు నెలలకి దూరం తప్పదు.

షార్లెట్ కొత్తబ్బాయి:
అందరికీ చాలా థ్యాంక్స్. శనివారం టోర్నమెంట్ జరిగే కోర్సులోనే రెండు రౌండ్లు ఆడాను. మొదటిది అన్ని డిస్క్‌లతో, 71. రెండోది అన్న చెప్పిన మూడింటితో, 68. అలసిపోయి కూడా మూడు తగ్గాయి. ఇంటికొచ్చి కార్డు చూసుకుంటే, రెండు రౌండ్లూ కలిపి 20 అడుగుల లోపల మిస్సయినవే తొమ్మిది. అక్క చెప్పిన అడుగు తప్పు కూడా చేస్తున్నానని మా అబ్బాయి వీడియో తీస్తే తెలిసింది.

మూడు డిస్క్‌లు, గాలి కోసం ఇంకొకటి, ఇదే నిర్ణయం. ఒక్క సందేహం మిగిలింది. ఆ రోజు వాన పడితే పట్టు జారకుండా ఏం చేస్తారు?

నెల్లూరు అమ్మాయి:
టవల్స్ రెండు. ఒకటి బ్యాగుకి వేలాడదీసుకో, ఇంకొకటి జిప్ కవర్లో పెట్టి రెండో రౌండ్ దాకా బయటికి తీయొద్దు. మారుజత సాక్స్ కూడా పెట్టుకో.