రంపానికి లీటరు పెట్రోలులో ఎంత నూనె?

ప్రశ్న: మాది పలాస దగ్గర జీడితోట. 2018లో తిత్లీ తుపానుకు పడిన చెట్లు కోయడానికి కొన్న చైన్ రంపం ఇప్పుడు తెగ పొగ కక్కుతోంది. లీటరుకు 40 మిల్లీలీటర్ల టూ స్ట్రోక్ నూనె పోస్తున్నాను. దాంతో వచ్చిన పుస్తకంలో 50:1 అని ఉంది. తగ్గిస్తే ఇంజను పట్టేస్తుందేమోనని భయం.

జవాబు: 50:1 అంటే లీటరుకు 20 మిల్లీలీటర్లే అండీ. మీరు పోస్తున్నది 25:1. డబ్బా మీద జాసో ఎఫ్‌డీ (టూ స్ట్రోక్ నూనెల నాణ్యత గుర్తు) అని ఉన్న నూనె తీసుకోండి. బైకులో పోసే ఫోర్ స్ట్రోక్ నూనె మాత్రం వద్దు.

మరో జవాబు: మూతతో కొలవకండి, సిరంజి వాడండి. ప్లగ్గుకు పట్టిన మసి కూడా తుడవండి. నెల దాటిన మిశ్రమాన్ని నేనైతే రంపంలో పోయను.

అడిగినవారు: పశువులకు వాడే పాత సిరంజి దొరికింది. కడిగి ఆరబెట్టి, 20 కొలిచి పోశాను. పొగ తగ్గింది. మా నాన్నగారు మాత్రం "నూనె దగ్గరా పిసినారితనం?" అంటున్నారు.