క బదులు త అంటున్నాడు, ఇంట్లో చప్పట్లాట ఎలా ఆడిస్తున్నారు?

చిన్నోడి అమ్మ:
మా వాడికి నాలుగు నిండాయి. కాకిని తాతి, గాజుని దాజు అంటాడు, ఇంట్లోవాళ్లకి తప్ప ఎవరికీ అర్థం కాదు. స్పీచ్ థెరపీ మొదలుపెట్టాం. మాటని ముక్కలు చేసి చప్పట్లు కొట్టించండి, మొదటి శబ్దం పట్టుకోవడం నేర్పండి అన్నారు మేడం. కూర్చోబెడితే చాలు, లేచి పారిపోతున్నాడు. మీరెలా చేయిస్తున్నారు? ఈలోపు అక్షరాలు దిద్దించాలా, ఆపాలా? ఫీజు మీ ఊళ్లో ఎంత?

గుంటూరు నాన్న:
కూర్చోబెడితే ఎవరు కూర్చుంటారండీ. మార్కెట్ నుంచి రాగానే సంచి మా పాప ముందు గుమ్మరిస్తా. బెండకాయకి నాలుగు గంతులు, వంకాయకి మూడు, గంతులేస్తేనే అది బుట్టలోకి వెళ్తుంది. ఇప్పుడు తనే నాకు పరీక్ష పెడుతోంది. రోడ్డు మీద కూడా అంతే, లారీకి రెండు, బస్సుకి రెండు.

కూకట్‌పల్లి మమ్మీ:
బస్సుకి రెండేంటి? ఒకటే. ఇంగ్లీష్ శబ్దాలు నేర్పే మా ఫోనిక్స్ క్లాసులో అలాగే నేర్పారు.

గుంటూరు నాన్న:
మా పాప ఎక్కేది బస్సు. బ, స్సు. మీ క్లాసువాళ్లు ఎక్కేదేంటో నాకు తెలీదు.

కూకట్‌పల్లి మమ్మీ:
వెటకారం వద్దు. రేపు ఎల్‌కేజీలో టీచర్ తప్పు పెడితే మీరొచ్చి చెప్తారా? అసలే మాట రాని పిల్లలు, రెండు భాషలు కలిపేసి ఇంకా కన్ఫ్యూజ్ చేస్తున్నారు.

డాలస్ బాబాయ్:
ఆ మాట మాత్రం అనకండి. ఇంట్లో తెలుగు ఆపేయమని మాకూ ఒకరు సలహా ఇచ్చారు. మా అమ్మకి ఇంగ్లీష్ రాదు, మరి మనవడితో ఆవిడ నోరు మూసుకుని కూర్చోవాలా?

కరీంనగర్ పిన్ని:
మా అత్తమ్మ వస అరగదీసి నాలుకకు రాయమని ఒకటే పోరు. ఇంకొకాయన నాలుక కింద తీగ కోయించమంటడు. నాకైతే టెన్షన్ పెరిగిపోతుంది. ఒక ముచ్చట చెప్పాలె, మా బాబు కోతిని తోతి అంటడు. నేనూ సరదాకి "తోతి వచ్చింది" అంటే, కోపమొచ్చి "తోతి తాదు, తోతి!" అని కొట్టిండు.

థెరపిస్ట్ అక్క:
నేను బీఏఎస్‌ఎల్‌పీ, అంటే వినికిడి, మాట సమస్యల డిగ్రీ చేసి, ఆర్‌సీఐ (భారత పునరావాస మండలి) రిజిస్ట్రేషన్‌తో ఇదే పనిలో ఉన్నదాన్ని, కాబట్టి బస్సు గొడవ ఆపండి. పిల్లాడు నోటితో ఎలా అంటే అన్ని చప్పట్లు. తెలుగులో రెండు, ఇంగ్లీష్‌లో ఒకటి, రెండూ రైటే. రెండు భాషల వల్ల మాట సమస్య రాదు. క పలికేది నాలుక వెనక భాగంతో, ముందున్న తీగ కోసి ఏం లాభం? వస మానేయండి.
కరీంనగర్ పిన్నీ, మీ వాడు కోపం తెచ్చుకోవడం మంచి గుర్తే. తేడా చెవికి తెలుస్తోంది, నోటికే రావడం లేదు. కోట, తోట బొమ్మలు రెండూ ముందు పెట్టి ఒకటి పలకండి, వేలు పెట్టి చూపించాలి. అక్కడే తడబడితే ముందు వినికిడి పరీక్ష. జలుబులతో చెవిలో నీరు చేరినా ఇలాగే ఉంటుంది.
ఇంకోటి, కాకిలో క్ ని విడిగా తీయమని నాలుగేళ్లకే వెంటపడకండి. మన పిల్లలకి కా, కి అనే ముక్కలే ముందు పట్టుబడతాయి, మన లిపి కూడా అలాగే ఉంది.

కూకట్‌పల్లి మమ్మీ:
డిగ్రీ ఉంటే ఇలా మాట్లాడాలా?

గుంటూరు నాన్న:
రెండూ రైటే అన్నారుగా, మీదీ రైటే. ఇక వదిలేయండి.

డాలస్ బాబాయ్:
ఫీజు అడిగిన ఆవిడని అందరూ మర్చిపోయారు.

థెరపిస్ట్ అక్క:
జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ, అంటే పిల్లల ఎదుగుదల సమస్యలు చూసే కేంద్రం ఉంటే ఉచితం, ఆర్‌బీఎస్‌కే అనే ప్రభుత్వ పిల్లల ఆరోగ్య పథకం కింద పద్దెనిమిదేళ్ల వరకు చూస్తారు. హైదరాబాద్ వైపు వాళ్లయితే సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లో అలీ యావర్ జంగ్ సంస్థ కేంద్రం ఉంది, వినికిడి, మాట సమస్యలకి కేంద్ర ప్రభుత్వానిది.

కరీంనగర్ పిన్ని:
అక్కా, వినికిడికి బెరా రాశారు, శబ్దం చెవి నుంచి మెదడుకు చేరుతుందా అని చూసే పరీక్షంట, పిల్లగాడు నిద్రపోవాలంట. వీడు పగలు కన్ను మూయడు.

గుంటూరు నాన్న:
ముందు రోజు రాత్రి లేటుగా పడుకోబెట్టి తెల్లారకుండా లేపండి. ఆటోలో మాత్రం కునుకు తీయనివ్వకండి, తీశాడంటే అక్కడికెళ్లాక మనమే నిద్రపోవాలి.