బెంగళూరు తెలుగు సంఘం గ్రూప్ | వలసల సదస్సు హాల్ బ్యాలెన్స్: సోమవారం ఆఖరు

సెక్రటరీ | గురువారం రాత్రి 9:40
అందరికీ నమస్కారం. హాల్ వాళ్ళు ఇందాకే ఫోన్ చేశారు, అడ్వాన్స్ పోను మిగతా లక్షా ఎనభై వేలు సోమవారం సాయంత్రం లోపు కట్టకపోతే ఆ డేట్ ఎవరిదో రిసెప్షన్‌కి ఇచ్చేస్తారట. సదస్సుకి సాయం చేస్తామన్న వాషింగ్టన్ థింక్ ట్యాంక్ (ప్రభుత్వ విధానాల మీద పేపర్లు రాసే సంస్థ) వాళ్ళు రెండు వేల డాలర్లు రెడీగా పెట్టుకుని మన ఖాతా వివరాలు అడుగుతున్నారు, ట్రెజరర్ గారూ ఇవాళే పంపేయండి. మిగతా పనులు: 1. బ్యానర్ (కన్నడ పైన, తెలుగు కింద, ఫ్లెక్స్ వద్దు గుడ్డదే) 2. రిజిస్ట్రేషన్ టేబుల్ 3. మైకులు 4. భోజనాలు, 250 మంది 5. వక్తని దేవనహళ్ళి ఎయిర్‌పోర్ట్ నుంచి తీసుకురావడం. ఎవరిది వాళ్ళు రాసుకోండి.

భోజనాల బాబాయ్ | 9:52
4 నాదే ఇంకెవరిది. మిర్చి బజ్జీలు వద్దనేవాళ్ళు ఈసారి ముందే చెప్పండి, తిన్నాక కాదు.

ట్రెజరర్ | 10:31
ఖాతా వివరాలు పంపలేదు, పంపను కూడా. ఆడిటర్ గారితో ఇప్పుడే మాట్లాడా. మనకి ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల చట్టం) రిజిస్ట్రేషన్ గానీ ముందస్తు అనుమతి గానీ లేదు, ఆ 2010 చట్టం ప్రకారం బయటి దేశం సంస్థ నుంచి రూపాయి తీసుకున్నా తప్పే. రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్ళకి కూడా డబ్బు ముందు ఢిల్లీ ఎస్‌బీఐ మెయిన్ బ్రాంచి ఖాతాలో పడాలి. పోనీ అప్లై చేద్దామా అంటే గత మూడేళ్ళలో 15 లక్షలు కార్యక్రమాల మీద ఖర్చుపెట్టి ఉండాలట, మన ఉగాది పచ్చడి ఖర్చు ఎంత సాగదీసినా అంత రాదు. దానికి తోడు పోస్టర్ మీద ‘రాజకీయ సదస్సు’ అని ఒకటి. రాజకీయ స్వభావం ఉన్న సంస్థ అని కేంద్రం ముద్ర వేసిందంటే అసలు విదేశీ డబ్బు వాసన కూడా చూడకూడదు. ఆ మాట రాసిన మహానుభావుడెవరో.

మారతహళ్ళి తమ్ముడు | 10:38
నేనే రాశా. వాళ్ళ మెయిల్లో ‘పొలిటికల్ కాన్ఫరెన్స్’ అని ఉంది, అదే తెలుగులో పెట్టా. నెలన్నర నుంచి అర్ధరాత్రి కాల్స్‌లో కూర్చుంది నేను, అప్పుడు ఒక్కరికీ ఈ చట్టం గుర్తురాలేదు. సరే, వాళ్ళనే నేరుగా హాల్‌కి కట్టేయమంటే?

ట్రెజరర్ | 10:41
తల చుట్టూ తిప్పి పట్టుకున్నా అది ముక్కే. బుకింగ్ మన పేరు మీద ఉంది.

మారతహళ్ళి తమ్ముడు | 10:43
రిజిస్ట్రేషన్ ఉన్న ఏదైనా ట్రస్ట్ తీసుకుని మనకిస్తే?

ట్రెజరర్ | 10:44
ఆ చట్టానికి 2020లో చేసిన సవరణలో అదీ మూసేశారు. ఒకళ్ళు తీసుకుని ఇంకొకళ్ళకి ఇవ్వకూడదు.

హెచ్ఎస్ఆర్ అక్క | 10:58
డబ్బు సంగతి సరే, ఆ థింక్ ట్యాంక్ పేపర్లు ఎవరైనా చదివారా? వర్క్ వీసాలు ఇంకా తగ్గించాలనే బ్యాచ్ అది. 2025 సెప్టెంబరులో అమెరికా కొత్త హెచ్-1బీ వర్క్ వీసాకి లక్ష డాలర్ల ఫీజు అని ప్రకటన వచ్చిన రాత్రి మా చెల్లెలు పెళ్ళి షాపింగ్ మధ్యలో వదిలేసి ఎయిర్‌పోర్ట్‌కి పరిగెత్తింది. పాత వీసాలవాళ్ళకి వర్తించదని మర్నాడు చెప్పారు, టికెట్ డబ్బులు మాత్రం పోయాయి. వాళ్ళ లోగో కింద నేను కూర్చోవాలా?

మారతహళ్ళి తమ్ముడు | 11:03
అందుకే కదక్కా పిలిచింది. మనం మనం కూర్చుని వీసా లాటరీ అన్యాయం అనుకోడానికైతే వీకెండ్ టిఫిన్ సెంటర్ చాలు, సదస్సెందుకు.

రాయచోటి అన్న | 11:10
ఏందప్పా, వలస అంటే అమెరికా ఒకటేనా? మా పక్క నుంచి ఎంతమంది ఆడోళ్ళు కువైట్ పోతాండారు. పదో తరగతి లేకుంటే పాస్‌పోర్ట్ ఈసీఆర్ (పోయే ముందు సర్కారు క్లియరెన్స్ కావాల) కింద వస్తాది, 18 దేశాలకి పనికి పోవాలంటే ఆ క్లియరెన్స్ ఉండాల, ఇంటిపనికైతే 30 ఏండ్లు దాటాల. అది తప్పించుకోను ఏజెంటు విజిట్ వీసా మీద పంపిస్తాడు, ఆడ ఇరుక్కుంటే ఏ కాగితంలోనూ పేరుండదు. 1983 వలసల చట్టమే ఇంకా నడుస్తాండాది. పోయిన మీటింగులో చెప్తే ‘టైం లేదు’ అన్నారు.

ట్రెజరర్ | 11:16
సంతకం నాది, నోటీసు వస్తే నా ఇంటికి వస్తుంది. అందరికీ ఐడియాలే కానీ బాధ్యత ఎవరికీ లేదు. ఇంకో ట్రెజరర్‌ని చూసుకోండి.

సెక్రటరీ | శుక్రవారం ఉదయం 7:05
రాత్రి అందరం కాస్త ఎక్కువే మాట్లాడాం. ట్రెజరర్ గారి ఇంటికి వెళ్ళి కాఫీ తాగి ఇప్పుడే వస్తున్నా, ఆయన ఎక్కడికీ పోవట్లేదు. న్యూజెర్సీలో ఉన్న మన పాత ప్రెసిడెంట్ గారు సొంత డబ్బు లక్ష ఇస్తానన్నారు, ఇదైనా కుదురుతుందా?

ట్రెజరర్ | 7:20
ఆయనకి పోయినేడాది సిటిజన్‌షిప్ వచ్చింది, పార్టీ ఫోటోలు మనమే లైక్ కొట్టాం. ఓసీఐ కార్డు (విదేశీ పౌరులైన మనవాళ్ళకి ఇండియా ఇచ్చేది) ఉన్నా చట్టం లెక్కలో విదేశీయుడే. ఇండియన్ పాస్‌పోర్ట్ ఉండి, అక్కడి సొంత సంపాదన మామూలుగా బ్యాంకు ద్వారా పంపేవాళ్ళయితే ఇబ్బంది లేదు.

హెచ్ఎస్ఆర్ అక్క | 7:31
అయితే మా అన్నయ్య ఉన్నాడుగా డాలస్‌లో. 2018 నుంచి గ్రీన్ కార్డ్ లైన్లో ఉన్నాడు, దేశానికి 7 శాతమే అన్న లిమిట్ దయవల్ల ఇంకా మన పాస్‌పోర్టే. అరవై వేలు పంపుతాడట. ‘ఇన్నాళ్ళకి ఈ క్యూ ఎవరికో పనికొచ్చింది’ అని నవ్వాడు, వదిన నవ్వలేదు.

ట్రెజరర్ | 7:34
పాస్‌పోర్ట్ మొదటి పేజీ కాపీ పంపమనమ్మా.

మారతహళ్ళి తమ్ముడు | 8:15
అరవైతో హాల్ రాదు. అక్కా, మీ అపార్ట్‌మెంట్ క్లబ్ హౌస్?

హెచ్ఎస్ఆర్ అక్క | 8:40
అడిగా. తొంభై కుర్చీలు, రాత్రి 9కి మైక్ బంద్, ‘రాజకీయ’ అనే మాట కనిపించకూడదు. ‘వలస గురించి మాట్లాడుకుందాం’ అని పేరిచ్చేశా, నచ్చకపోయినా ఇప్పుడు మార్చను. లోగో కూడా ఉండదు.

మారతహళ్ళి తమ్ముడు | 8:52
లోగో లేకపోతే నాకూ ఓకే. థింక్ ట్యాంక్ నుంచి రావాల్సిన ఆ వక్త పెద్దాయనకి మెయిల్ పెట్టా, డబ్బు వద్దు వీడియోలో మాట్లాడమని. ఎలాగూ టూరిస్ట్ వీసా మీద వద్దామనుకున్నాడట, దాని మీద వచ్చి సదస్సులో మాట్లాడకూడదు, కాన్ఫరెన్స్ వీసా వేరే. వీసాల మీద పేపర్లు రాసే మనిషికి ఇది నేను చెప్పాల్సొచ్చింది. అక్క వేసే మొదటి ప్రశ్నకి ఒప్పుకుంటేనే లింక్ పంపుతా అన్నా, ఒప్పుకున్నాడు.

రాయచోటి అన్న | 9:10
అట్లయితే మొదటి గంట మాకియ్యండి. కువైట్ నుంచి తిరిగొచ్చిన ఇద్దరు అక్కలని పిలుచుకొస్తా, వాళ్ళు మైకులో మాట్లాడరు, కూర్చుని చెప్తారు.

సెక్రటరీ | 9:14
సరే, మొదటి గంట మీదే. హాల్ అడ్వాన్స్ వెనక్కి రాదట, అది నేను చూసుకుంటా. బ్యానర్ ఎవరు చేయిస్తున్నారు?

భోజనాల బాబాయ్ | 9:30
వందమందికి తగ్గించా. బజ్జీలు ఉంటాయి.

రాయచోటి అన్న | 9:41
ఆ అక్కలు శనివారం రాత్రి బస్సుకే దిగుతారు. యాడ పండుకోవాల?

హెచ్ఎస్ఆర్ అక్క | 9:43
మా ఇంట్లో. సిల్క్ బోర్డ్ దగ్గర దింపమనండి, నేనొచ్చి తీసుకెళ్తా.